నాలుగు మూలలా పసుపు

ఆ ఉదయం పైడిరాజు ఆఫీసుకు పెందరాళే వెళ్లాలనుకున్నాడు. ఆఫీసు పని మీద కాదు, కూతురు రాజశ్రీ పెళ్లి కార్డు పని మీద. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ల పెళ్లి ఒక్కటి కూడా వదలకుండా ఆయన చదివింపులకు స్టీలు గిన్నె పట్టుకుని వెళ్లాడు. ఆ గిన్నెలన్నీ ఇప్పుడు తిరిగి రావాలి. హాలు నిండాలి.

"ప్రెస్సోడికి ఇచ్చీరాదేటి?" అంది భార్య మంగాయమ్మ.

"ఆఫీసులో ప్రింటరుండగా ప్రెస్సోడు ఏటికే?" అన్నాడు హెడ్ క్లర్కు పైడిరాజు.

కంప్యూటర్లో పైన వినాయకుడిని, శ్రీరస్తు శుభమస్తును, అడుగున 'సకుటుంబ సపరివారంగా విచ్చేయ ప్రార్థన'ను లావు ఎర్రక్షరాల్లో పెట్టాడు. కార్డులన్నిటికీ పసుపు రాయడం మంగాయమ్మకు శ్రమ అని, నాలుగు మూలలా పసుపు మచ్చలు కూడా తెరమీదే దిద్దాడు. కానీ కొత్త పేజీ తెరిస్తే అన్నీ మాయం. పక్క సీటు శ్వేతను పిలిచాడు.

"టెంప్లేట్‌గా సేవ్ చేసీండి అంకుల్, ఫిర్ ప్రతిసారీ అలాగే వస్తుంది. డిఫాల్ట్‌ది మాత్రం ముట్టుకోకండి, ఆఫీసు కాగితాలన్నీ అలాగే అయిపోతాయి" అని ఆ అమ్మాయి టీకి వెళ్లింది.

'అన్నీ' అన్న మాట పైడిరాజుకు నచ్చింది. అదే శ్రమకు ఎక్కువ వస్తుంటే తక్కువతో సరిపెట్టుకోవడం ఆయన ఇంటా వంటా లేదు. డిఫాల్ట్‌దే మార్చాడు.

మధ్యాహ్నం ఆఫీసరు దిలీప్ సాహెబ్ ముందుకు సంతకాల కట్ట వెళ్లింది. డ్యూటీకి ఆలస్యంగా వచ్చేవాళ్లకు పంపే విచారణ నోటీసులవి. మధ్యలో ఆఫీసు హిందీ, పైన వినాయకుడు, మూలల్లో పసుపు. సాహెబ్‌ది తఖత్‌పూర్, తెలుగు రాదు.

"యే క్యా హై, రాజూజీ?"

ఆఫీసు ప్రింటర్లో పెళ్లి కార్డు అంటే తర్వాతి నోటీసు తనకే. "సేఫ్టీ స్లోగన్, సార్. పసుపు రంగు సిగ్నల్ కదా, అంటే సావధాన్!" అన్నాడు పైడిరాజు.

సాహెబ్ ముగ్ధుడయ్యాడు. "బహుత్ అచ్ఛా! ఇకనుంచి ప్రతి కాగితం మీదా ఉండాలి."

శ్వేత తీసేస్తానంటే పైడిరాజే దండం పెట్టి ఆపాడు.

మొదటి నోటీసు లోకో షెడ్డులో సన్యాసిరావుకు అందింది. పసుపు చూడగానే కళ్లకద్దుకున్నాడు. ఆఫీసు హిందీ చదివే అలవాటు ఆయనకు ఏనాడూ లేదు. తెలుగు ముక్కలు చదివి, తేదీ, చోటు చూసుకున్నాడు. గురువారం విచారణ గదిలోకి పట్టుచీరలో భార్య, పిల్లలు, అత్తగారు, స్టీలు క్యారేజీతో సహా దిగాడు.

"ఏటి బావా, మేళం లేదేటి?" అన్నాడు పైడిరాజుతో.

"ఇది ఎంక్వైరీరా!"

"మరి పసుపేటికి రాసినావు?"

ఈ జనమంతా ఎవరని సాహెబ్ అడిగాడు. "సాక్షులు, సార్" అన్నాడు పైడిరాజు. అడిగిందే తడవుగా అత్తగారు, అల్లుడు పొద్దెక్కేదాకా లేవడని మనస్ఫూర్తిగా సాక్ష్యమిచ్చింది.

ఆ కథ కాలనీ అంతా పాకింది. దాని వెనకే సెలవు రద్దయిందన్న కాగితం, బదిలీ కాగితం, క్వార్టరు ఖాళీ చేయమన్న కాగితం, అన్నీ పసుపుతోనే ఇళ్లకు వెళ్లాయి.

సరిగ్గా అప్పుడే మంగాయమ్మ కుంకుమ భరిణె, పైడిరాజు కార్డుల కట్ట పట్టుకుని పిలుపులకు బయలుదేరారు. మొదటి ఇంట్లో కోమల తలుపు సందులోంచి తల బయటపెట్టి, "ఆయన లేరు వదినా. పసుపు కాయితం ఏదొచ్చినా పుచ్చుకోవద్దన్నారు" అంది. లోపల ఆయన దగ్గు వినిపిస్తూనే ఉంది.

"ఇది పెళ్లి కార్డే తల్లీ!" అని మొత్తుకుంది మంగాయమ్మ.

"సన్యాసిరావన్నయ్యా అలాగే అనుకున్నాడు కదా!"

వీధంతా అదే వరస. సన్యాసిరావొక్కడే తేదీ, వేళ చూసుకుని కార్డు పుచ్చుకున్నాడు.

పెళ్లినాడు చకర్‌భాటా దారిలోని హాల్లో మగపెళ్లివారి కుర్చీలు నిండాయి. ఆడపెళ్లివారి వైపు ఫ్యాన్లు మాత్రం తిరుగుతున్నాయి. గుమ్మంలోనే నిలబడిన పైడిరాజుకు చివరికి సన్యాసిరావు కనిపించాడు. సర్వీసులో మొదటిసారి, చెప్పిన వేళకు ముందే వచ్చాడు. వెంట భార్య లేదు, అత్తగారు అసలే లేదు, చేతిలో గిన్నె లేదు. డ్యూటీ బట్టల్లో వచ్చి, మూడు ప్రతులు అందించాడు.

"సంజాయిషీ, బావా."

పైడిరాజు అక్షింతలు చేతిలో పోస్తే, ముందు రసీదు ఇమ్మన్నాడు.