చిగుళ్లు వెనకబడిపోయిన కేసు

"ఈ బుర్ర పట్నంలో పుట్టుంటే పోలీసు శాఖకి తాళం వేసుకుని పోయేవాళ్లు!" అని కవిటి ఆటో స్టాండులో ప్రకటించాడు కృష్ణచైతన్య. మావగారు కొబ్బరితోట ఇచ్చి చూసుకోమంటే, ఆ నీడన పడుకుని డిటెక్టివ్ అయిన మేధావి. చెల్లెలి మొగుడు కాబట్టి ఆటో డ్రైవర్ పోలారావు నవ్వలేదు. అయినా నవ్వే స్థితిలో లేడు.

వారం రోజులుగా అతని ఆటో ఎక్కినవాళ్లందరికీ చిగుళ్లు పొక్కిపోతున్నాయి. సాయంత్రంలోగా సంగతి తేలకపోతే బండి స్టాండులో పెట్టొద్దని తోటి డ్రైవర్లు తెగేసి చెప్పారు. వెనక సీట్లో నోటికి గుడ్డ కట్టుకుని ఎర్రమ్మ పంచాయితీకి కూర్చుంది.

"ఒరే పోలిగా, నీ బండెక్కి పెళ్లి బోజనం తిననేకపోనాన్రా!"

"హంతకుడు దొరికాడు బావా!" అన్నాడు డిటెక్టివ్.

"సచ్చిందెవులు బావా?"

"చిగుళ్లు! చంపింది వేగం. నువ్వు యాక్సిలేటర్ తిప్పగానే మనిషి ముందుకెళ్తాడు, మనిషితో పళ్లూ వెళ్తాయి. చిగుళ్లు మెత్తనివి, పాపం, వెనకబడిపోతాయి. రాకెట్లో వెళ్లేవాళ్లకీ ఇదే తంటా. ఫోన్లో చూశాను."

"నా బండి ఇంతవరకు గేదిని దాటనేదు. రాకెట్టేటి బావా?"

"నేను వారం నుంచి మూలికా రక్షణ ఇవ్వకపోయుంటే ఈపాటికి పళ్లే రాలేవి!"

మూలికా రక్షణ అంటే కానుగ పుల్ల. అది నమిలి ఎక్కితే చిగురు బిగిసి పంటిని వదలదని సిద్ధాంతం. స్వయంగా చెక్కి, ఎక్కేవాళ్లందరికీ ఊరికే పంచుతున్నాడు. ఈ మహాకార్యం మధ్యలో, పొద్దున్న భార్య హేమలత వారం నుంచి తన కత్తి కనపడటం లేదని మొత్తుకుంటే, "చిల్లర కేసులు ముట్టను" అని వచ్చేశాడు.

"ఇవాళ నా ప్రాణమే పణం! నోట్లో కుడివైపు మూలికా రక్షణ, ఎడమవైపు దైవాధీనం. సోంపేట దాకా తోలు!" అని కుడి దవడ కింద పుల్ల పెట్టి కసాబిసా నమిలాడు.

పోలారావు బండి లాగాడు. గుర్రుమంది, ఆగిపోయింది. వంగి తీగలు సర్దుతుంటే వెనక మూలుగు వినిపించింది. బండి అడుగు కదల్లేదు. డిటెక్టివ్ కుడి బుగ్గ మాత్రం బూరెలా పొంగిపోయింది. రక్షణ లేని ఎడమవైపు నిక్షేపంలా ఉంది.

"రచ్చన ఉన్నకాడే వాసిందేటిరా?" అంది ఎర్రమ్మ.

అప్పుడే అన్నని వెతుక్కుంటూ బుట్టతో హేమలత వచ్చింది. సీటు మీద పుల్లల పక్కనున్న కత్తి చూసి కెవ్వుమంది.

"ఊరంతా ఎతుకుతున్నాను, ఇదిక్కడుందేటి! పచ్చి జీడిపిక్కలు కోసే కత్తిది, అన్నియ్యా! ఆ జీడి సొన అంటితే సెయ్యే పొక్కిపోద్ది, దీంతో పుల్లలు సెక్కి జనానికి నమలమని ఇచ్చినాడా ఈ మనిసి?"

ఎర్రమ్మ తన చెప్పు కోసం వంగింది.

"చూఫావా బావా," అన్నాడు డిటెక్టివ్ మిగిలిన సగం నోటితో, "నేరఫ్థుడు నేరఫ్థలానికి తిరిగొఫ్తాడని నాకు ముందే తెలుఫు! ఒక్క దెబ్బకి రెండు కేఫులు!"

తోటి డ్రైవర్లే పోలారావు బండిని తోసుకెళ్లి వరసలో ముందు పెట్టారు. తొలి బేరం డిటెక్టివే, సోంపేట డాక్టరు దగ్గరికి. మెల్లగా, మెల్లగా అని రెండు చేతులా సైగలు చేస్తున్నాడు.

"రాడ్డొట్టుకో బావా, సిగుళ్లు ఎనకబడిపోకుండా సూసుకో!" అని పోలారావు యాక్సిలేటర్ పూర్తిగా తిప్పాడు.

ఆ రోజు ఆ ఆటో మొట్టమొదటిసారి ఒక గేదెని దాటింది.