రాబిన్ మొక్క మీద పట్టా

గురువారం పొద్దున ప్రసాద్ బాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉప్మా చేయాలి, భార్య బ్యూలాను ఆసుపత్రి డ్యూటీకి పంపాలి, తన టమాటా మొక్క మీద కప్పిన దుప్పటి తీసి ఎండ తగలనివ్వాలి. మస్కట్ అవతల జబల్ అఖ్దర్ కొండ మీద మార్చి వచ్చినా రాత్రి చలి వదలదు. కప్పకపోతే లేత మొక్క తెల్లారేసరికి వాలిపోతుంది.

పక్క క్వార్టర్ రాబిన్ మొక్కకు అప్పుడే నిమ్మకాయంత కాయ ఉంది. ప్రసాద్ బాబు మొక్కకు రెండే పూలు. రెండు వారాల్లో కోతల పండుగ. కొండ మీది తెలుగు నర్సుల ప్రార్థన కూటంలో ముందుగా పండిన ప్రథమ ఫలం ఎవరిదో తేలేది, వాళ్లు లేచి సాక్ష్యం చెప్పేది ఆ రోజే. భార్య వీసా మీద వచ్చి గిన్నెలు తోముకుంటున్న మనిషికి, పదిమందిలో లేచి నిలబడే అవకాశం ఇదొక్కటే. పైగా బ్యూలా రోజూ, "రాబిన్ చెయ్యి మంచిదండీ" అంటుంది. ఆ మాట వింటే ప్రసాద్ బాబుకు కడుపు మండిపోయేది.

ఆ పొద్దునే రాబిన్ బ్యాగుతో వచ్చాడు. "వందనాలన్నయ్యా! బతాకా కార్డు రెన్యూవల్‌కి మస్కట్ వెళ్తున్నా, రేపొచ్చేస్తా. ఎండెక్కగానే నా మొక్క మీద ప్లాస్టిక్ పట్టా తీసెయ్యండి. లేకపోతే లోపలే ఉడికిపోద్ది."

"అదెంత పని తమ్ముడూ! నువ్వు నిశ్చింతగా వెళ్లు."

ఉడికిపోద్దన్న మాట ప్రసాద్ బాబు చెవిలో తేనెలా పడింది. తన మొక్క మీద దుప్పటి తీశాడు. రాబిన్ మొక్క మీది ప్లాస్టిక్ పట్టా వైపు చూడనైనా చూడకుండా లోపలికెళ్లి పడుకున్నాడు. మర్చిపోవడం పాపం కాదని రెండుసార్లు తనకు తానే నచ్చజెప్పుకున్నాడు.

పదకొండింటికి ఆకాశం నల్లబడి వడగళ్లు పడ్డాయి. పరుగెత్తుకొచ్చేసరికి అతని మొక్క మొదలంటా విరిగింది. పట్టా కింద రాబిన్ కాయ నిక్షేపంలా ఉంది.

భోజనానికొచ్చిన బ్యూలా రెండు కుండీలనూ చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఏవండీ! రాబిన్ మొక్కని కాపాడి, మీదాన్ని వదిలేశారా?"

"అది కాదు బ్యూలా, నేనూ..."

"మీరేం చెప్పకండి. నాకు తెలుసు."

బ్యూలా తీసిన కుండీల ఫోటో కూటం వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది. నలభై ఆమెన్‌లు వచ్చాయి. మస్కట్ నుంచి రాబిన్ ఫోన్లో ఏడ్చాడు. హెడ్ నర్సు సామ్రాజ్యం కోడికూర పంపించింది. కూర తిన్నాక నిజం చెప్పడం ప్రసాద్ బాబుకు మరీ కష్టమైంది.

పండుగ రోజు రాబిన్ ఎర్రటి పండు బల్ల మీద పెట్టాడు. "ఇది నాది కాదు, ప్రసాదన్నయ్యది. సాక్ష్యం ఆయనే చెప్పాలి."

కలలుగన్న అవకాశమే. తీరా లేచి నిలబడ్డాక ప్రసాద్ బాబు కళ్లు బల్ల మీదికే పోయాయి. ఆ పండును చూస్తే ఇప్పటికీ కుళ్లు తగ్గలేదు. ఇక దాచలేక చెప్పేశాడు. "నేను కావాలనే పట్టా తియ్యలేదండీ. రాబిన్ మొక్క చచ్చిపోవాలనే అనుకున్నా."



"చూశారా తగ్గింపు మనసు!" అన్నారు పాస్టర్‌గారు. "చేసిన మేలుని కూడా పాపంగా ఒప్పుకుంటున్నాడు!"

చప్పట్లు మోగాయి. "చలి పోయేదాకా మన మొక్కలన్నీ ఇలాంటి మనిషికే అప్పజెప్పాలి" అంది సామ్రాజ్యం.

సాయంత్రానికి ప్రసాద్ బాబు వరండాలో పదిహేడు కుండీలు చేరాయి, అన్నీ కాయలతో.