తువ్వాల కింద శ్రీవాణి బేరం

మీలో ఎవరింటి డాబా మీదనైనా ఆరడుగుల ఆడపిల్ల పొద్దున ఐదింటికి బాస్కెట్ బాల్ కొడుతూ ఉంటుందా? ఉండదు కదా. అయితే నా కష్టం మీకు ఊరికే అర్థం కాదు, మొదటి నుంచీ వినాల్సిందే.

సూర్యాపేటలో నాకు మోటార్ల రివైండింగు షాపు ఉంది. పదింటికి ముందు షటర్ ఎత్తిన పాపాన పోలేదు. ఎనిమిదింటి దాకా పడుకోవడం నా జన్మహక్కు. ఆ హక్కు మీదికి మా ఆవిడ శోభారాణి తమ్ముడి కూతురు శ్రీవాణి నిడమనూరు నుంచి వచ్చి దిగింది. ఇక్కడే డిగ్రీ చదువుతూ మా ఊరి బాస్కెట్ బాల్ జట్టులో ఆడుతోంది. సరిగ్గా నా మంచానికి పైన నిలబడి ప్రాక్టీసు చేస్తుంది. ఆమె బంతి కొట్టినప్పుడల్లా కప్పు నుంచి సున్నం రాలి నా నోట్లో పడుతుంది. నోరు మూసుకుని పడుకోవచ్చు కదా అంటారేమో, నాకు అలవాటు లేదు.

"జర ఆరు దాటినంక కొట్టుమనరాదే మీ పిల్లను," అన్నాను శోభతో.

"ఆరింటికి కాలేజీకి తయారు గావద్దా? నువ్వే ఐదింటికి లేవరాదూ?"

"లేచి ఏం జెయ్యాలె?"

"నువ్వు లేచి ఏం జేస్తవో నాకు పెళ్లైన కాడి నుంచి తెలుస్తలేదు," అంది.

ఇక ఇంట్లో న్యాయం దొరకదని తేలిపోయింది. బయట వెతుక్కున్నాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ క్లబ్బులు కలిసి ఏటా అమ్మాయిలకు మూడూళ్ల కప్పు పెడతాయి. పోటీలకు ముందు ఒక ఆదివారం మార్పిడి రోజు. ఆ రోజు ఒక ఊరు తన ఆటగత్తెను ఇచ్చి ఇంకో ఊరి ఆటగత్తెను తెచ్చుకోవచ్చు. మారిన పిల్ల కప్పు అయ్యేదాకా ఆ ఊళ్లోనే ఉండాలి. శ్రీవాణిని కోదాడకు మార్పిస్తే నా నిద్ర నాకు దక్కుతుంది. పైగా నేను క్లబ్బు కమిటీ మెంబర్ని. బంతి పట్టుకోవడం రాదు గానీ గ్రౌండుకు లైట్లు బిగించింది నేనే.

ఆ సాయంత్రమే టీ బండి దగ్గర మా అభిమానుల సభలో విత్తనం వేశాను. అక్కడ ఇద్దరు ముఖ్యులు. ఆట చూడకుండానే స్కోరు చెప్పే స్కోర్‌బోర్డు నర్సయ్య ఒకడు, ఏ మాటైనా రెండుసార్లు అనే రీప్లే శ్రీధర్ ఇంకొకడు.

"పిల్లకు పందొమ్మిదేండ్లే. ఇంకో రెండేండ్లల్ల నేషనల్ ఆడతది," అన్నాడు నర్సయ్య.

"నేషనల్ ఆడతది. ఆడతది నేషనల్," అన్నాడు శ్రీధర్.

"ఎడమ చెయ్యి తిరగదు," అన్నాను నేను.

"నేర్చుకుంటది."

"నేర్చుకోకుంటే? రేపు మోకాలు నొప్పంటే ఎవడు తీసుకుంటడు? గిరాకీ ఉన్నప్పుడే ఇచ్చి, కోదాడ నుంచి ఇద్దరు సీనియర్లను తెచ్చుకోవాలె."

"మోకాలు నొప్పి ఉన్నదా?"

"లేదు. వస్తదేమోనని నా అనుమానం."

"ఆ అనుమానం నీకే ఎందుకు వచ్చింది?" అని నర్సయ్య గ్లాసు కింద పెట్టి మరీ అడిగాడు. అభిమానులతో ఇదే చిక్కు. టీ చల్లారినా సందేహం చల్లారదు. పందొమ్మిదేళ్ల పిల్ల ఇరవై ఒకటికి ఏమవుతుందన్నది దేవుడికే తెలియాలి, కానీ వాళ్లకు చీకటి పడేలోపల తేలాలి.

ఇంటికి వస్తూ దారిలో కోదాడ జట్టు పెద్ద ఈదయ్యకు ఫోన్ చేశాను. ఇచ్చేవాడికి తక్కువ చేసి చెప్పాలి, పుచ్చుకునేవాడికి ఎక్కువ చేసి చెప్పాలి కదా. "రెండు చేతులు సమానం. మోకాళ్లు ఉక్కు. మీ సీనియర్లను ఇద్దరినిచ్చి అడిగితే మావోళ్లు కాదనరు," అన్నాను.

ఈదయ్య ఆ మాటను తన దగ్గరే ఉంచుకుంటాడనుకోవడం నా తెలివితక్కువ. తెల్లారేసరికి మిర్యాలగూడ వాళ్లకూ తెలిసింది. ముగ్గురు రైసు మిల్లు పెద్దమనుషులు కారేసుకుని మా ఇంటికి దిగారు. వడ్లలో తేమ చూసే వాళ్ల చూపుతో శ్రీవాణిని పైనుంచి కిందికి చూసి, "రెండు చేతుల ఆడతదట గద?" అని శోభను అడిగారు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి నర్సయ్య వచ్చాడు. "వదినా, ఎడమ చెయ్యి తిరగదన్నడు అన్న. దవాఖానకు తీస్కపోయిండ్రా?"

శోభ వాళ్లందరికీ టీ ఇచ్చింది. నాకు ఇవ్వలేదు. మా ఇంట్లో తిట్లకు భయపడక్కర్లేదు, టీ రాకపోతే మాత్రం భయపడాలి.

అందరూ వెళ్లాక శ్రీవాణి నా పక్కన కూర్చుంది. పిల్ల ఏడుస్తుందేమోనని బెదిరాను. ఆమె కళ్లు మెరుస్తున్నాయి.

"మామా, నిజంగ నా బదులు ఇద్దరినిస్తమన్నరా? ఎవరెవరిని?"

"కెప్టెన్ను, ఆ పొడుగు పిల్లను."

"అబ్బో!" అని మురిసిపోయింది. అంతలోనే ముఖం చిన్నది చేసుకుంది. "కానీ నేను పోను మామా. ఈ ఏడు ఇక్కడి కోచ్ సారు దగ్గర ఉంటెనే స్టేట్ సెలక్షన్ల నాకు చాన్సు. కోదాడల కోచ్ లేడు. నువ్వు కమిటీల ఉన్నవ్ గద, జర అడ్డం పడు."

నా మనసు కరిగింది. నిజంగానే కరిగింది. పొద్దున ఐదింటికి మళ్లీ గట్టిపడింది.

మార్పిడి రోజు కోదాడ గ్రౌండులో షామియానా వేశారు. మిర్యాలగూడ వాళ్లు ఇద్దరిని ఇవ్వలేమని ముందే తప్పుకున్నారు. ఇక మేమూ ఈదయ్యా. ఆయన ఒకప్పుడు సంతల్లో ఎడ్ల బేరగాడు. ఎడ్ల బేరం నోటితో చెయ్యరు. ఇద్దరు చేతులు కలుపుతారు, పైన తువ్వాల కప్పుతారు, వేళ్లు పట్టుకుని ఇచ్చేదీ పుచ్చుకునేదీ చెప్పుకుంటారు. చూసేవాళ్లకు ఏమీ తెలియదు. తువ్వాల తీశాక మాట తప్పడం ఉండదు. ఈదయ్యకు ఇంకో పద్ధతి రాదు. కాబట్టి మా మూడూళ్లలో బాస్కెట్ బాల్ బేరం కూడా అలాగే సాగుతుంది.

"పిల్ల తరఫున పెద్దమనిషెవరు? రండి," అన్నాడు.

నేను ఛాతీ విరుచుకుని కూర్చున్నాను. తువ్వాల కప్పాడు. నాకు ఆ వేళ్ల భాష రాదని అప్పుడు గుర్తుకొచ్చింది. ఆయన నా బొటనవేలు నొక్కితే నేను ఆయన చిటికెనవేలు నొక్కాను. ఆయన రెండు పట్టుకుంటే నేను నాలుగూ పట్టుకుని మర్యాదగా ఊపాను.

"ఏందయ్యా, బేరానికొచ్చావా, నా వేళ్లు విరవటానికొచ్చావా?" అని ఈదయ్య చెయ్యి లాక్కున్నాడు.

"లెవ్వు, జర జరుగు," అని వెనక నుంచి శోభ గొంతు. కొంగు దోపుకుని నా చోట్లో కూర్చుంది. "పెద్దయ్యా, మా నాయిన నిడమనూరుల ఎడ్లు అమ్మెటోడు. నా చెయ్యి పట్టుకో."

తువ్వాల మళ్లీ కప్పారు. అప్పుడు మొదలైంది అసలు కుతూహలం. రెండూళ్ల అభిమానులూ మెడలు చాచారు. తువ్వాల ఒకసారి ఉబికింది, ఒకసారి అణిగింది. ఈదయ్య నుదుట చెమట పట్టింది. శోభ మాత్రం చిక్కుడుకాయలు ఒలుస్తున్నంత తీరిగ్గా ఉంది. మధ్యలో ఒకసారి ఈదయ్య నన్ను తేరిపార చూసి తల అడ్డంగా ఊపాడు. శోభ గట్టిగా నొక్కింది. ఆయన నిట్టూర్చి ఒప్పుకున్నాడు.

"బేరం అయింది!" అని తువ్వాల తీశాడు. "శ్రీవాణి సూర్యాపేటలోనే ఉంటది. బదులుగా, సూర్యాపేటలో జరగాల్సిన ఫైనల్ మ్యాచ్ మా గ్రౌండుకు ఇచ్చేశారు. మహిపాల్ కప్పు అయ్యేదాకా మా ఊళ్లో ఉంటాడు. తెల్లారుజామునే మా పిల్లలను లేపి గ్రౌండుకు తోలుకురావాలి, లైట్లు చూసుకోవాలి, విజిల్ ఊదాలి."

మహిపాల్ అంటే నేనే.

"నన్నొక్క మాట అడగవా?" అన్నాను శోభతో.

"ఎద్దును అడుగుతరా?" అంది.

"మహిపాలన్నను ఇచ్చేసిండ్రు. ఇచ్చేసిండ్రు మహిపాలన్నను," అన్నాడు శ్రీధర్.

అలా నా బట్టల సంచి కోదాడ చేరింది. ఈదయ్య ఇంటి వసారాలో పడక. తెల్లారుజామున నాలుగున్నరకు ఆయన చెంబుతో నీళ్లు పట్టుకుని నా తల దగ్గర నిలబడేవాడు. ఆ నీళ్లు తాగడానికి కాదు. నేను లేచి ఇల్లిల్లూ తిరిగి పిల్లలను లేపేవాణ్ణి. వాళ్ల తల్లిదండ్రులు తిట్టే తిట్లలో కొన్ని కోస్తావి, కొన్ని మనవి.

చివరికి కప్పు ఫైనల్ రానే వచ్చింది. కోదాడ బెంచీ మీద విజిల్ మెళ్లో వేసుకుని కూర్చున్నాను. శ్రీవాణి ఆడుతుంటే చూడాలి మీరు! ముగ్గురి మధ్యలోంచి దూరి, గాల్లో ఒక్క క్షణం ఆగి, బంతిని పూలు వేసినట్టు వేసింది. నేను లేచి గంతేసి చప్పట్లు కొట్టాను. కోదాడ వాళ్లంతా నన్నే చూశారు. చూడనీ, మా పిల్ల అనుకున్నాను. మా సూర్యాపేటే గెలిచింది. స్టేట్ సెలెక్టర్లు ఆమెను పక్కకు పిలిచి మాట్లాడుతుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ సంబరంలో ఇన్నాళ్లూ నన్ను తొలుస్తున్న ప్రశ్న అడిగేశాను. "పెద్దయ్యా, ఇప్పుడన్న చెప్పు. ఆనాడు నా బదులు ఏమిచ్చినవ్? ఎంతమందికి సమానం నేను?"

ఈదయ్య నా వైపు జాలిగా చూశాడు. "నీ బదులు ఎవరేమిస్తారయ్యా? మీ ఆవిడ ఫైనల్ మ్యాచ్ మా గ్రౌండుకు ఇచ్చి పిల్లను విడిపించుకుంది. బేరం అక్కడికే ముగిసింది. నువ్వు కొసరు. వద్దమ్మా అని వేలు మడిచాను, ఆమె వినలేదు."

గ్రౌండు అవతల శోభ కనిపించింది. గబగబా వెళ్లి, "నన్ను కొసరు ఏసినవా?" అని నిలదీశాను.

ఆవిడ నా మెళ్లో విజిల్ తాడు సరిచేసింది.

"అసలు కన్న కొసరు ముద్దంటరు," అంది. "ఇగ నడువ్, మన బస్సొచ్చింది."