కబురు పెట్టి వచ్చే తనిఖీ

ఒక ఊళ్లో నాగరికత ఎంత పండిందో తెలుసుకోవాలంటే అక్కడి తనిఖీ అధికారి ఎన్నాళ్ల ముందు కబురు పెట్టి వస్తాడో చూడాలి. ఆ లెక్కన కొండల మధ్యనున్న యునోకురా అనే వేడినీటి ఊటల ఊరు మానవజాతికే ఆదర్శం. అక్కడ అధికారి చెప్పకుండా వచ్చిన సందర్భం చరిత్రలో లేదు. చెప్పకుండా వచ్చేది ఒక్క బాక్టీరియా మాత్రమే. (అందుకే అది మర్యాద తెలియనిదని స్థానిక మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది.)

ఆ మండలి పుట్టడానికి కారణం పక్క లోయ. అక్కడ స్నానం చేసి వెళ్లిన కొందరు అతిథులకు ఆ బాక్టీరియా వల్ల న్యుమోనియా వచ్చింది. తిరిగిన నీళ్లే తిరిగే తొట్టెల్లో, గొట్టాల లోపలి జిగటలో ఈ సూక్ష్మజీవి కాపురం పెడుతుందనీ, సన్నటి తుంపరతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతుందనీ, వయసు మళ్లినవారంటే దానికి మరీ మక్కువ అనీ ఆరోగ్య కేంద్రం తెలియజేసింది. నీళ్లు మార్చండి, గొట్టాలు కడగండి, క్లోరిన్ వెయ్యండి అని కూడా చెప్పింది. మూడూ ఒళ్లు వంచి చేయాల్సిన పనులు. కాబట్టి యునోకురా ముందుగా స్నానజల పరిశుభ్రతా సామరస్య మండలిని స్థాపించింది.

అధ్యక్షుడిగా కసాసగి విడిది పెద్దాయన టొకుజీరో గారిని ఎన్నుకున్నారు. ఎనభై దాటిన మనిషి. రోజూ అందరికంటే ముందు స్నానం ఆయనదే. పైనుంచి ధారగా పడే నీళ్ల కింద భుజాలు పెట్టి, కళ్లు మూసుకుని, నోరు తెరుచుకుని అరగంట నిలబడతాడు. ఆ తుంపర చూస్తే కోడలు షిజుయేకి గుండె గుభేలుమనేది. విడిది నడిపేది ఆమే. గొట్టం మూతి విప్పి లోపల వేలు పెట్టి చూసింది కూడా ఆమే.

"మామగారూ, లోపలంతా జిగటగా ఉంది. ఒక్కసారి నీళ్లన్నీ తీసేసి మందు వేయిద్దాం."

"జిగటేంటమ్మా. అది ఊట సారం. దాని కోసమే కదా జనం అంత దూరం నుంచి వస్తున్నారు."

అసలు సంగతి ఏమిటంటే యునోకురా ఊట ఏనాడో సన్నబడింది. గోడ వెనక పంపు పెట్టి, ఉన్న నీళ్లనే వడగట్టి, మళ్లీ మళ్లీ తిప్పుతున్నారు. ఇది ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. క్లోరిన్ వాసన వచ్చిందంటే పంపు ఉందని ఒప్పుకున్నట్టే. పరువు మీద పడే మందు ఎవరు వేస్తారు? షిజుయే భర్త వంటింట్లో ఉంటాడు. తండ్రి మాటకీ భార్య మాటకీ ఒకేలా తల ఊపి చేపలు కోసుకుంటాడు.

ఈలోగా మండలి ఊరికే కూర్చోలేదు. ప్రచారం కోసం బాక్టీరియాకు ఒక బొమ్మ గీయించింది. గుండ్రటి ముఖం, నెత్తిన మడత పెట్టిన తువ్వాలు, సిగ్గుపడే కళ్లు. అది ఎంత ముద్దొచ్చిందంటే బడిపిల్లలు దాన్ని చంపొద్దని మండలికి విన్నవించుకున్నారు. ఇప్పుడు దాని ఆకారంలో తీపి ముద్ద కూరిన ఆవిరి బన్నులు స్టేషన్లో బాగా అమ్ముడుపోతున్నాయి.

ఆ తరువాత వేలు చూపే నియమం వచ్చింది. రైలు డ్రైవర్లు సిగ్నలు వైపు వేలు చాచి బిగ్గరగా చెప్పుకుంటారే, అలాగే ప్రతి విడిదిలోనూ పొద్దున్నే తొట్టె వైపు వేలు చాచి "నీళ్లు, భేషు", గొట్టం వైపు చాచి "గొట్టం, భేషు" అనాలి. (గొట్టం విప్పి చూడాలని నియమంలో లేదు. విప్పితే భేషు అనడం కష్టమని ఉపసంఘం ముందే గ్రహించింది.) టొకుజీరో గారు ఒక్కరోజు కూడా తప్పకుండా భేషు అని ధార కిందికి వెళ్లేవాడు.

షిజుయే ఇక తట్టుకోలేకపోయింది. రిసీవరు మీద తువ్వాలు కప్పి ఆరోగ్య కేంద్రానికి ఫోను చేసి, కసాసగి విడిది మీద ఆకాశరామన్న ఫిర్యాదు చేసింది. అవతల ఉన్నది తనిఖీ అధికారి కజిహారా. ఆమె గొంతు గుర్తుపట్టాడు, గుర్తుపట్టనట్టే మాట్లాడాడు.

"తమరెవరో నాకు తెలీదండీ. కానీ ఆ విడిదివాళ్లకి ఏ రోజు వీలవుతుందో తమరేమైనా చెప్పగలరా?"

"గురువారం వీలవుతుందని విన్నానండీ," అంది షిజుయే.

కబురు రాగానే విడిది దద్దరిల్లింది. కోడలు బతిమాలితే కదలని టొకుజీరో గారు, అధికారి వస్తున్నాడంటే తానే పంచె ఎగ్గట్టినంత హడావిడి చేశాడు. ఇంటికి అతిథి వస్తున్నాడు కదా. నీళ్లన్నీ తీసేశారు, గొట్టాల్లో మందు పోశారు, రాళ్లు తోమారు, తరువాత వాసన పోయేదాకా కడిగారు. ఆ రోజు షిజుయేకి ప్రాణం లేచొచ్చింది. ఇలా అప్పుడప్పుడూ ఫిర్యాదు చేసుకుంటూ పోతే మామగారు నూరేళ్లు బతుకుతారనుకుంది.

కజిహారా వచ్చాడు, వంగి దణ్ణం పెట్టాడు, సీసాలో నీళ్లు పట్టుకెళ్లాడు. వాటిలో ఒక్క బాక్టీరియా కూడా దొరకలేదు. అంత శుభ్రంగా ఉన్నందుకు కసాసగి విడిదికి విశిష్ట శ్రేణి గుర్తింపు ఇచ్చి, మూడేళ్లపాటు తనిఖీల నుంచి మినహాయించారు. ఆమె మళ్లీ తువ్వాలు కప్పి ఫోను చేసింది. విశిష్ట శ్రేణి విడిదుల మీద ఫిర్యాదులు మండలి అధ్యక్షుడి ద్వారానే రావాలని కజిహారా ఎంతో బాధపడుతూ చెప్పాడు.

గుర్తింపు పత్రం అద్దాల చట్రంలో స్నానశాల గోడకెక్కింది. చట్రాన్ని వారం వారం శుభ్రం చేయాలని నియమం. టొకుజీరో గారు స్వయంగా తుడిచి, వేలు చాచి, "చట్రం, భేషు" అనేవాడు. పంపు పాత నీళ్లనే తిప్పుతోంది.

ఆకులు ఎర్రబడే వేళకు ఆయనకు జ్వరం, దగ్గు, ఆయాసం వచ్చాయి. ఆస్పత్రిలో అదే బాక్టీరియా అన్నారు. షిజుయే మంచం పక్కన కూర్చుని ఆయన చెయ్యి వదల్లేదు. భయం కంటే కోపం ఎక్కువగా ఉంది ఆమెకు, ఎవరి మీదో తెలియని కోపం. కజిహారా విచారణకు వచ్చి, పెద్దాయన ముట్టుకున్న ప్రతిదీ అడిగాడు.

"మా స్నానశాల చూడండి, కజిహారా గారూ."

"అది విశిష్ట శ్రేణి కదండీ," అన్నాడాయన. పూలకుండీలో మట్టి వల్ల వచ్చిందని తేల్చి, కుండీని సీలు చేసి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే షిజుయే ఇంటికొచ్చి నీళ్లన్నీ వదిలేసింది. గొట్టాలు విప్పించి తోమించింది. కొత్త నీళ్లలో క్లోరిన్ వేసింది, ఈసారి వాసన కడిగెయ్యలేదు. అది ముందు వసారాలోకీ, అక్కణ్ణుంచి వీధిలోకీ పాకింది. మండలి ఉపాధ్యక్షుడు గొండో ముక్కు ఎగబీలుస్తూ వచ్చాడు.

"క్లోరిన్ వాసనొస్తోందమ్మా. అంటే ఏదో తేడా జరిగిందన్నమాట."

"ఏ తేడా జరక్కూడదనే వేశానండీ."

"అదే అంటున్నా. జరగనిచోట ఎందుకేస్తారు?"

విశిష్ట శ్రేణి రద్దుకు నోటీసు సిద్ధమైంది. అధ్యక్షుడి ముద్ర పడటమే తరువాయి.

టొకుజీరో గారు బక్కచిక్కి ఇంటికొచ్చాడు. నేరుగా స్నానశాల తలుపు దగ్గరికెళ్లి ఆగాడు. వెనకాలే షిజుయే, చీవాట్లకు సిద్ధపడి నిలబడింది.

"వాసనొస్తోంది," అన్నాడు.

"వస్తోంది మామగారూ. ఇకముందూ వస్తుంది."

ఆయన గొట్టం మూతి వైపు చూశాడు.

"ఆస్పత్రిలో నా ముక్కుకి గొట్టం పెట్టారు. అది మారుస్తూ ఉండేవాళ్లు. ఎందుకమ్మా అని ఆ నర్సుపిల్లనడిగా. మార్చకపోతే లోపల జిగట పడుతుంది తాతగారూ అంది." తొట్టె వైపు వేలు చాచాడు. "నీళ్లు, భేషు."

షిజుయే తువ్వాలుతో ముఖం తుడుచుకుంది. ఆవిరికి అనుకున్నారు చూసిన పనివాళ్లు.

మర్నాడు మండలి సమావేశమైంది. యునోకురాలో చిన్నవారి ముద్ర పెద్దవారి ముద్ర వైపు కాస్త వాలి ఉండాలి, దణ్ణం పెడుతున్నట్టు. అధ్యక్షుడి ముద్ర మాత్రం నిటారుగా ఉంటుంది. తన విడిది మీద నోటీసుకు తానే ముద్ర వేస్తూ, టొకుజీరో గారు దాన్ని మొట్టమొదటిసారి వాల్చాడు, కింద విడిది నడిపేవారిగా అచ్చయి ఉన్న కోడలి పేరు వైపు. దాంతో గొండో తన ముద్రను ఇంకా వాల్చాల్సి వచ్చి దాదాపు పడుకోబెట్టాడు.

"ఈ నీటికి మండలి హామీ లేదు" అన్న నోటీసు ఇప్పుడు కసాసగి స్నానశాల తలుపు మీద ఉంది. ఊళ్లో మిగతా తొట్టెలన్నిటికీ హామీ ఉంది. తెల్లవారుజామున మండలి సభ్యులందరూ ముఖాలకు తువ్వాళ్లు కప్పుకుని స్నానానికి కసాసగికే వస్తున్నారు. ముందుగా కబురు మాత్రం పెట్టరు.