పొగగొట్టం ఉన్న ట్రైలర్

శనివారం పొద్దున కాఫీ తాగుతూ ఆర్విడ్ నీమి వేసుకున్న పథకంలో పెద్ద పనులేమీ లేవు. ట్రక్కు వెనక తగిలించుకునే కొత్త ట్రైలర్ లోపల కొట్టిన చెక్క పలకలు ఆరబెట్టాలి. సాయంత్రం బావమరిది డ్వేన్ తన మంచుబండ్లు, అంటే మంచు మీద నడిపే మోటారు బండ్లు, తీసుకొస్తాడు. వాటినీ, తనవీ లోపలికెక్కించి, బెల్టులు బిగించి, తలుపు వేయాలి. మర్నాడు చర్చి అయ్యాక రెండు కుటుంబాలూ కలిసి ఉత్తరాన కొండదారుల మీదికి వారం రోజుల షికారు వెళ్ళాలి. అంతే.

అంతే అనుకున్నాడు గానీ, అతని పరువంతా ఆ ట్రైలర్ మీదే ఉంది. ఇన్నేళ్ళుగా ఆర్విడ్ మంచుబండ్లు డ్వేన్ ట్రైలర్ మీదే వెళ్ళేవి. దానికి గోడలూ లేవు, కప్పూ లేదు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పంతా బురదతో కలిసి బండ్లకు పట్టి, గడ్డకట్టి, దిగేసరికి ఏది ఎవరి బండో ఆనవాలు తెలిసేది కాదు. కెటిల్లో వేడినీళ్ళు తెచ్చి కరిగించుకోవాల్సి వచ్చేది. డ్వేన్ దానికి సిగ్గుపడకపోగా, షికారులో దిగిన హోటల్లో భోజనాల దగ్గర ప్రతి ఏడూ ఒకే మాట అనేవాడు. "మా బావ బండ్లూ నా నెత్తినే, మా బావా నా నెత్తినే." అందరూ నవ్వేవాళ్ళు. ఆర్విడ్ కూడా నవ్వేవాడు, ఏడవలేక.

పోయిన క్రిస్మస్ భోజనంలో అతనికి ఓపిక నశించింది. చేతిలో ఫోర్కు కింద పెట్టి, చుట్టాలందరి ముందూ ప్రకటించాడు. "ఈ ఏడు అందరి బండ్లూ నా ట్రైలర్‌లో వస్తాయి. నాలుగు గోడలు, పైన కప్పు ఉన్న ట్రైలర్‌లో."

"తేలేకపోతే?" అన్నాడు డ్వేన్, బంగాళదుంపలు వడ్డించుకుంటూ.

"తెస్తాను."

"తేలేకపోతే, నువ్వు బతికున్నంతకాలం ఆ మాట అంటూనే ఉంటా బావా. తర్వాత నీ సమాధి దగ్గరకొచ్చి కూడా అంటా."

కొనేటప్పుడు ఆర్విడ్ భార్య వెర్నా ఒక్కటే చెప్పింది. "ముందూ వెనకా తలుపులున్నది తీసుకో. వెనక నుంచి ఎక్కించి ముందు నుంచి దించొచ్చు. లేకపోతే అంత బరువు బండిని ఎవరు వెనక్కి లాగుతారు?" ఆర్విడ్ వినలేదు. రెండు తలుపులంటే రెండు వైపుల నుంచీ చలి అన్నాడు. వెనక దించే పెద్ద తలుపూ, పక్కన మనిషి పట్టే చిన్న తలుపూ ఉన్నదే కొన్నాడు. ట్రైలర్ ముక్కు మాత్రం గాలిని కోసుకుపోయేలా కొనదేలి ఉంది. ట్రైలర్లు అమ్మేవాడు ఇద్దరి మాటకూ తల ఊపాడు. మొగుడూ పెళ్ళాల మధ్య తల దూర్చకూడదని తెలిసిన మనిషి.

ఇక లోపలి అలంకారం ఆర్విడ్ సొంత బుర్ర. నేలకు పట్టాలు బిగించాడు, బండ్లను బెల్టులతో కట్టడానికి. గోడలకు దేవదారు పలకలు కొట్టాడు. అవి ఎవరో చుట్టాల పెరట్లో మంచు కింద పడి ఉన్నవి, ఊరికే వచ్చాయి. ముక్కు దగ్గర ఒక బల్ల వేశాడు, కూర్చుని బూట్లు తొడుక్కోవడానికి. తడిసిన కోట్లూ చేతితొడుగులూ ఆరడానికి ఒక గ్యాస్ పొయ్యి పెట్టి, దాని రేకు పొగగొట్టాన్ని కప్పులోంచి పైకి తీశాడు. గ్యాస్ బండ, మంట పెంచి తగ్గించే మర మాత్రం బయట, ట్రైలర్ ముందుభాగాన. అంతా చూసి వెర్నా, "చాలా బావుంది. దీన్ని ఎక్కడో చూసినట్టుంది గానీ గుర్తురావడం లేదు," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పలకలు ఇంకా తడిగానే ఉన్నాయి. అందుకే ఆర్విడ్ శనివారం మధ్యాహ్నం పొయ్యి వెలిగించాడు. ఆ చలికి పొగగొట్టంలోంచి తెల్లటి ఆవిరి నిటారుగా లేచింది.

ఆ ఊళ్ళో అందరూ ఫిన్లాండు నుంచి వచ్చినవాళ్ళ మనవలూ మునిమనవలే. శనివారం మధ్యాహ్నం ఎవరి పెరట్లో పొగ లేస్తే వాళ్ళ సౌనా, అంటే ఆవిరి స్నానాల గది, వెలిగినట్టు. పిలుపులుండవు. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళి, ఆవిరిలో చెమట పట్టేదాకా కూర్చుని, కాఫీ తాగి రావడమే. తువ్వాలుతో వచ్చినవాళ్ళను పొమ్మన్న మనిషి ఆ ఊళ్ళో ఇంతవరకూ పుట్టలేదు. ఆర్విడ్ వాళ్ళ పాత సౌనా పుచ్చిపోతే వేసవిలో పడగొట్టేశారు. అప్పటి నుంచీ స్నానానికి డ్వేన్ ఇంటికే వెళ్తున్నారు. అదొక దెప్పిపొడుపు మళ్ళీ.

"మొత్తానికి కట్టావన్నమాట!" అంది వెనక నుంచి ఒక గొంతు.

పక్కింటి ఇంపి మామ్మ. ఎనభై దాటిన మనిషి. భుజాన తువ్వాలు, చేతిలో వేడివేడి ఏలకుల రొట్టె.

"మామ్మగారూ, ఇదీ..."

"చక్రాల మీద కట్టావేంట్రా?"

"అదే చెప్పబోతున్నా. ఇది నిజానికి..."

"తెలివైన పనే. ఇంటి పన్ను పెరగదు." మామ్మ అప్పటికే పక్క తలుపు తీసుకుని లోపలికి ఎక్కేసింది. పలకల మీద చెయ్యి వేసి రాసింది. "దేవదారు! మా ఆయన కూడా ఇదే కొట్టాడు. మంచు బరువుకి మా సౌనా కప్పు కూలినప్పట్నించీ ఒళ్ళంతా కొయ్యబారిపోయిందిరా నాయనా. నీ పొగ చూసేసరికి ప్రాణం లేచొచ్చింది."

మామ్మ బల్ల మీద కూర్చుని బూట్లు విప్పుతోంది. ఆర్విడ్ పరుగున వంటింట్లోకి వెళ్ళాడు.

"వెర్నా, మామ్మ ట్రైలర్‌లో కూర్చుంది."

"ఎందుకూ?"

"స్నానానికి."

వెర్నా కిటికీలోంచి చూసింది. పలకలు, బల్ల, పొయ్యి, పొగగొట్టం. "అదీ! ఎక్కడ చూశానో ఇప్పుడు తెలిసింది, ఇది అచ్చం సౌనాయే!" అని పొట్ట పట్టుకుని నవ్వింది.

"నవ్వింది చాలు. నువ్వెళ్ళి చెప్పు."

"నేనా? ముసలావిడ బూట్లు విప్పుకుని కూర్చుంటే లేచి పొమ్మని నేను చెప్పాలా? రేపు చర్చిలో మొహం ఎక్కడ పెట్టుకోను? నువ్వే చెప్పు."

"చెప్పలేకే కదా నీ దగ్గరికొచ్చాను!"

"అయితే బకెట్లో నీళ్ళు తీసుకెళ్ళు. రాళ్ళు కూడా. నీళ్ళు పోసి ఆవిరి తెప్పించే రాళ్ళు లేకుండా సౌనా ఏమిటి, అసహ్యంగా."

కట్టెల మోపు మీది పట్టా ఎగిరిపోకుండా పెట్టిన రాళ్ళన్నీ ఆర్విడ్ ఏరి తెచ్చాడు. ఇనప మూకుట్లో పోసి పొయ్యి మీద పెట్టాడు. మంట పెంచాడు. ఒక్క ముసలావిడే కదా, అరగంటలో వెళ్ళిపోతుంది, డ్వేన్ వచ్చేలోగా తుడిచేయొచ్చు అని మనసుకి నచ్చజెప్పుకున్నాడు.

మామ్మ వెళ్ళింది నిజమే. బుగ్గలు ఎర్రగా, కళ్ళు మిలమిలలాడుతూ వంటింట్లోకొచ్చి, కాఫీ తాగి, వెళ్ళేముందు వెర్నా ఫోన్ అందుకుని పాస్టరు ఇంటికి కబురు చెప్పింది. "ఆర్విడ్ కొత్త సౌనా వెలిగించాడు. చక్రాలున్నాయి, ఏమీ అనుకోకండి. లోపల మాత్రం భేషుగ్గా ఉంది."

ఇంకేముంది! పాస్టరు కంగాస్ గారు, ఆయన భార్య, చర్చిలో పాటలు పాడే ఆడవాళ్ళు, అంతా తువ్వాళ్ళతో దిగారు. ఊరి మర్యాద ప్రకారం ముందు ఆడవాళ్ళు వెళ్ళారు. రాళ్ళ మీద నీళ్ళు చెంబులకు చెంబులు పోశారు. తలుపు తీసినప్పుడల్లా ఆవిరి గుప్పుమని బయటికొచ్చి గడియ మీద మంచై పేరుకుంటోంది. పోసిన నీళ్ళు నేల మీదుగా వెనక్కి పారి పెద్ద తలుపు అంచు కిందికి చేరుతున్నాయి. అదంతా ఆర్విడ్ కంటపడలేదు. అతను వంటింట్లో కాఫీ మీద కాఫీ పోస్తూ, గడియారం చూస్తూ, లోలోపల ఉడికిపోతున్నాడు.

ఆడవాళ్ళు ఇళ్ళకు వెళ్తుండగా డ్వేన్ వచ్చాడు. తన పాత ట్రైలర్ మీద తన మంచుబండ్లు కట్టుకుని మరీ వచ్చాడు. పొగగొట్టం చూశాడు. తువ్వాలు కట్టుకుని మంచులో నిలబడి ఉన్న పాస్టరును చూశాడు. తరవాత బావను చూసి తీరిగ్గా అన్నాడు.

"బావా, మరి బండ్లకు కూడా తువ్వాళ్ళు తేవాలని చెప్పలేదేం?"

"ఇప్పుడే అయిపోతుంది. తుడిచేసి ఎక్కించేద్దాం."

"ఎక్కిద్దాం, ఎక్కిద్దాం. ముందు వాటి వీపు ఎవరు రుద్దుతారో చెప్పు."

"డ్వేన్, రావయ్యా," అన్నారు పాస్టరుగారు మెట్టు మీద నిలబడి. "ఒంటరిగా ఏం బావుంటుంది."

పాస్టరు పిలిస్తే కాదనడానికి డ్వేన్‌కు కూడా ధైర్యం చాలలేదు. బట్టలు వంటింట్లో విప్పేసి, వెర్నా ఇచ్చిన గులాబి రంగు తువ్వాలు చుట్టుకుని, గెంతుకుంటూ వెళ్ళి తలుపేసుకున్నాడు. లోపలి నుంచి అతని నవ్వు వినిపిస్తూనే ఉంది. కాసేపటికి ఆ నవ్వు ఆగింది. తలుపు మీద దబదబా గుద్దుతున్న చప్పుడు వచ్చింది.

"బావా! తలుపు రావట్లేదు!"

ఆర్విడ్ బయటి నుంచి లాగాడు. గడియ మంచులో పూడిపోయి రాయిలా ఉంది. వెనక పెద్ద తలుపు దగ్గరికి పరిగెత్తాడు. పారిన నీళ్ళన్నీ అంచంతా గడ్డకట్టి, తలుపునీ ట్రైలర్‌నీ ఒకటి చేసేశాయి. వెర్నా కెటిల్ తెచ్చి పోసింది. ఆ నీళ్ళు కూడా గడ్డకట్టాయి.

"ముందు తలుపున్నది తీసుకోమన్నాను," అంది వెర్నా.

"ఇప్పుడా ఆ మాట?"

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?"

"బావా, ఉడికిపోతున్నాం! మంట తగ్గించు!" అని కప్పు మీది గాలి రంధ్రంలోంచి కేక.

ఆర్విడ్ ముందుకు పరిగెత్తి గ్యాస్ బండ మర తిప్పి మంట ఆర్పేశాడు. తడి ఒళ్ళతో ఉన్నవాళ్ళకు వెచ్చదనం పోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"బావా, బిగుసుకుపోతున్నాం! వెలిగించు, నీకు పుణ్యముంటుంది!"

పొయ్యి మళ్ళీ అంటించాల్సింది లోపలున్నవాళ్ళే. పాస్టరుగారు తంటాలుపడి అంటించారు. ఆర్విడ్ ఆ మర కాస్త తిప్పుతాడు, ఉడుకుతున్నామంటారు. కాస్త తగ్గిస్తాడు, చస్తున్నామంటారు. తనను ఇన్నేళ్ళు ఏడిపించిన మనిషి తన గుప్పిట్లో ఉన్నాడని అతనికి అప్పుడు తట్టింది. అబద్ధమెందుకు, మర మీద చెయ్యి ఒక్క క్షణం ఆలస్యంగానే కదిలింది.

"బావా, నువ్వు నా పాలిట దేవుడివి!"

"డ్వేన్," అన్నారు లోపల పాస్టరుగారు, పళ్ళు టకటకలాడుతుండగా, "ఆ మాట నా ముందు అనకు."

"గొడ్డలి తెచ్చి పగలగొట్టు బావా!"

"కొత్త ట్రైలర్!" అని అరిచాడు ఆర్విడ్, తనకు తెలియకుండానే.

చివరికి వెర్నాయే తేల్చింది. ఊరి అగ్నిమాపకదళం షెడ్డు ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. ట్రైలర్‌ని లోపలికి తోసేస్తే మంచు అదే కరుగుతుంది. ఆర్విడ్ ట్రైలర్‌ని ట్రక్కుకు తగిలించి, గుడ్లు మోసుకెళ్తున్నట్టు నెమ్మదిగా వీధిలోకి నడిపాడు. పైన పొగగొట్టం ఆవిరి కక్కుతోంది. లోపల పాస్టరుగారు ధైర్యం కోసం కీర్తన అందుకున్నారు. డ్వేన్ చచ్చినట్టు గొంతు కలిపాడు. దారిలో మంచు ఎత్తిపోస్తున్నవాళ్ళు పారలు ఆపి, టోపీలు తీసి నిలబడ్డారు. ఏదో చర్చి ఊరేగింపు అనుకున్నారు పాపం.

శనివారం సాయంత్రాలు ఆ షెడ్డులో, పిలిచిన అంకెల్ని కార్డు మీద కొట్టేసుకునే బింగో ఆట జరుగుతుందన్న సంగతి ఆ కంగారులో ఎవరికీ గుర్తురాలేదు. పెద్ద షట్టరు పైకి లేచేసరికి బల్లలు, కాఫీ, ఊళ్ళో ఉన్న ఆడవాళ్ళంతా. ఇప్పుడు వెనక్కి తిప్పే దారి లేదు. ఆర్విడ్ ట్రైలర్‌ని అలాగే రివర్సులో లోపలికి తెచ్చి ఆపాడు. వెచ్చదనానికి టపటపా చుక్కలు రాలాయి. అంచు పగుళ్ళిచ్చింది. లోపల తలుపుకు వీపు ఆనించి డ్వేన్ బలమంతా పెట్టి తోస్తున్నాడు.

పెద్ద తలుపు ధడేలున నేల మీద పడింది. తెల్లటి ఆవిరి మేఘంలోంచి డ్వేన్ వెనకడుగులు వేసుకుంటూ గులాబి తువ్వాలుతో దిగాడు. వెనకే పాస్టరుగారు, కీర్తన ఆఖరి చరణంలో ఉన్నారు. అంకెలు పిలిచే ఆవిడ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ముందు బల్ల దగ్గర ఇంపి మామ్మ మాత్రం కార్డు మీంచి తలెత్తి ఒకసారి చూసి, "ఆ షట్టరు దించండ్రా, చలి కొడుతోంది. తరవాత అంకె ఎంతమ్మా?" అంది.

అప్పుడు పేలాయి నవ్వులు. డ్వేన్ ఎటు తిరిగినా ఎవరో ఒకరు కనిపిస్తున్నారు. రెండు చేతులతో తువ్వాలు పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. ఇన్నేళ్ళు ఆర్విడ్ ఎదురుచూసిన దృశ్యం అది. సంతోషం వేసింది కూడా. అయితే అనుకున్నంతసేపు నిలవలేదు. తన కోటు విప్పి బావమరిది భుజాల మీద కప్పి, "పద, ఇంటికెళ్దాం," అన్నాడు.

ట్రైలర్ సంగతి చూస్తే గుండె జారింది. నేలంతా నీళ్ళు, పలకలు ఉబ్బి ఊడొస్తున్నాయి, వెనక తలుపు బందులు వంకరపోయాయి. బండ్లు ఎక్కించే మాటే లేదు. ఆదివారం అన్నీ ఎప్పటిలాగే డ్వేన్ ట్రైలర్ మీద, ఉప్పు బురద తాగుతూ వెళ్ళాయి. దారి పొడుగునా డ్వేన్ ఒక్క మాటా మాట్లాడలేదు. దాచుకుంటున్నాడు, భోజనాల దగ్గర తీస్తాడు అనుకున్నాడు ఆర్విడ్.

హోటల్లో అందరూ కూర్చున్నాక డ్వేన్ గొంతు సవరించుకున్నాడు. ఆర్విడ్ పళ్ళెంలోకి చూస్తూ, పళ్ళు బిగబట్టి సిద్ధపడ్డాడు. వెర్నా బల్ల కింద అతని చెయ్యి పట్టుకుంది.

"బావా."

"అను. అనేసెయ్."

"నా నడుం నొప్పి తెలుసుగా? ఎన్ని మందులు వాడినా తగ్గలేదు. పొద్దున లేచేసరికి లేదు." డ్వేన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇంటికెళ్ళాక వచ్చే శనివారం కూడా వెలిగిస్తావా? పాస్టరుగారు కూడా కనుక్కోమన్నారు."

ఇన్నేళ్ళుగా నెత్తిన మోస్తున్నానన్న మనిషి, ఇప్పుడు తన ట్రైలర్‌లో కాస్త చోటడుగుతున్నాడు. "చూద్దాం," అన్నాడు ఆర్విడ్, వీలైనంత బిగువుగా. ఆ రాత్రి అతను తిన్నంత భోజనం అంతకుముందెప్పుడూ తిని ఎరగడు.

బందులు బాగుచేయించారు, కొత్త పలకలు కొట్టారు, గడియ మార్చారు. శనివారం వస్తే ఆర్విడ్ పెరట్లో తువ్వాళ్ళ వరసే. మంచుబండ్ల కోసం అతను ఇప్పుడు ఇంకో ట్రైలర్ బేరమాడుతున్నాడు. దానికి కప్పు ఉండకూడదని వెర్నా షరతు.