అయిదు బొటనవేళ్ళ భద్రత

పడిపోయిన మనిషిని లేపడానికి ఒక్కరు చాలు. పడిపోతుందేమోనని కనిపెట్టుకుని ఉండడానికి మాత్రం అయిదుగురు కావాలి. ఆ అయిదుగురిలో ఒకరికి నియమాలు రాసే జబ్బు ఉంటే ఆ కుటుంబానికి ఇక లోటు లేదు.

వాలరూ ఊళ్ళో ట్రెంబాత్ వారింట జెండా తగాదా మూడో వారంలో పడింది. గ్లెనిస్‌కి అరవై ఒకటి. ఇన్సులిన్ మీద నడిచే షుగర్ మనిషి. మంగళవారం, శుక్రవారం పొద్దున పాత రైలు దారి వెంట పక్క ఊరు కడీనా దాకా సైకిలు మీద ఒక్కతే వెళ్ళొస్తుంది. ఆ గంటన్నరసేపూ ఆమెను ఎవరూ ఏమీ అడగరు. వెళ్ళేదే అందుకు. సైకిలు వెనక నారింజరంగు జెండా ఒకటి ఉంది. రెండోది కట్టాలని భర్త రెక్స్ పట్టు.

"ఒకటి కనబడకపోతే రెండోదైనా కనబడుతుందిగా," అన్నాడు ఆ శుక్రవారం కూడా.

"ఒకటి కనబడనివాడికి రెండు కనబడతాయా? నేను వెళ్ళేది సైకిలు తొక్కడానికా, ఊరేగింపుకా?"

"నీ మంచికే చెప్తున్నా."

"నా మంచికి ఇప్పటికే ఒక జెండా, రెండు లైట్లు, ఒక ఈల ఉన్నాయి. ఇంకాస్త మంచి చేశావంటే సైకిలు కదలదు, రెక్స్."

సగం తిన్న టోస్టును పళ్ళెంలో పడేసి ఆమె బయల్దేరింది. ఇన్సులిన్ మాత్రం పూర్తిగా వేసుకుంది.

ఇక్కడ రక్షణ ఏర్పాట్ల గురించి కొంత చెప్పాలి. గ్లెనిస్ జబ్బకు అంటించిన బిళ్ళ ఆమె షుగర్ అంకెను ఫోనుకు పంపుతుంది. ఆ ఫోను ఆ అంకెనూ, మ్యాపు మీద ఆమె ఉన్నచోట ఒక నీలం చుక్కనూ మరో అయిదు ఫోన్లకు పంపుతుంది. అక్కడి కొలతలో అంకె నాలుగుకు పైన ఉంటే నిశ్చింత, తగ్గితే గండం. ఆ అయిదు ఫోన్లూ ఎవరివంటే ఇంట్లో రెక్స్, అడిలైడ్‌లో కూతురు బ్రోన్విన్, పెర్త్‌లో కొడుకు కర్టిస్, అతని భార్య టాలియా, రెండు వీధుల అవతల చెల్లెలు మెర్ల్. ఒక కంపెనీలో భద్రతా విభాగం చూసే బ్రోన్విన్ తల్లి కోసం నియమావళి రాసింది. ఇప్పుడు నడుస్తున్నది నాలుగో కూర్పు.

రెండో నియమం: చుక్క మూడు నిమిషాలకు మించి ఆగినచో కారణము తెలుపవలెను. (ఒకసారి పొద చాటుకు వెళ్ళొచ్చినందుకు కూడా తెలపాల్సి వచ్చింది. ఆ సాయంత్రమే కారణాల జాబితాలో 'సహజ అవసరం' అన్న గడి చేరింది.) అయిదో నియమం: జెల్లీబీన్స్ సంచీ ఒలికిపోకుండా రెండు జిప్పులతో మూసి ఉంచవలెను. ఏడో నియమం: ఒంటరిగా వెళ్ళునప్పుడు ఎవరినైనా తోడు తీసుకువెళ్ళుట మేలు. తొమ్మిదో నియమం: హెచ్చరిక చూసినవారు బొటనవేలి బొమ్మ పెట్టవలెను, తద్వారా మిగిలినవారు కంగారుపడకుందురు.

ఈ అయిదుగురి మండలి శ్రద్ధకు వంక పెట్టలేం. పోయిన నెల కడీనా బేకరీలో ఆమె నోటిదాకా మాంసం కూరిన పాస్టీ వెళ్ళకముందే మూడు ఫోన్లు వచ్చాయి.

"అమ్మా, చుక్క బేకరీలో ఉంది," అన్నాడు పెర్త్ నుంచి కర్టిస్.

"చుక్కకి ఆకలేసింది నాన్నా."

చెల్లెలు మెర్ల్ ఇంకా లోతుకు వెళ్ళింది. "మొత్తం తింటున్నావా, సగమేనా?"

సగం టోస్టుతో బయల్దేరిన ఆ శుక్రవారం, కడీనా ఇంకా సగం దూరం ఉండగా, ఎదురుగాలిలో గ్లెనిస్ షుగర్ పడిపోయింది. అంకె రెండు పాయింట్ తొమ్మిది. ఆమె ఫోను కూసింది. తక్కిన అయిదూ కూశాయి. సైకిలు ఒక పక్కకు, ఆమె ఒక పక్కకు దారి పక్కన పెరిగే ఉప్పుపొదల్లో కూలబడ్డారు. జెల్లీబీన్స్ చేతికందే దూరంలోనే ఉన్నాయి, రెండు జిప్పుల వెనక. మొదటి జిప్పు వచ్చింది. రెండోదాని దగ్గర వేళ్ళు ఆమె మాట వినలేదు.

ఒళ్ళో ఫోను మీద ఒక బొటనవేలు లేచింది. తర్వాత ఇంకోటి. చెమట కళ్ళలోకి కారుతుంటే ఆమె లెక్కపెట్టింది. అయిదు. ఫోను మాత్రం మోగలేదు.

కాసేపటికి ఇంట్లో తొడుక్కునే చెప్పులతో, గ్లాసులో ఎర్రటి కార్డియల్ షర్బతుతో, పెంగిల్లీ అనే ముసలాయన వచ్చాడు. పావురాలు పెంచుకుంటూ దారి పక్కనే ఉంటాడు.

"తాగమ్మాయ్. ఏడుపూ తిట్లూ తర్వాత."

తియ్యటి నీళ్ళు సగం గొంతులోకి, సగం చొక్కా మీదికి పోయాయి. మాట వచ్చాక అడిగింది, "మీకెలా తెలిసింది?"

"తొమ్మిదింబావుకి మా కంచె దగ్గర బెల్లు కొట్టి పోతావుగా. ఇవాళ వినబళ్ళేదు. కెటిల్ ఆపి వచ్చా."

"ఫోనులో చూశారేమో అనుకున్నా."

"నా ఫోను గోడకుంది. ఇంతదూరం రావాలంటే దానికి తీగ చాలదు."

ఆదివారం భోజనాల దగ్గర విచారణ జరిగింది. పెర్త్ సభ్యులిద్దరూ గ్రేవీ జగ్గుకు ఆనించిన ఫోనులోంచి హాజరయ్యారు.

"చుక్క ఆగింది, నిజమే. బేకరీ అనుకున్నా," అన్నాడు రెక్స్.

"ఉప్పుపొదల్లో బేకరీ ఎప్పుడు పెట్టారు?" అంది గ్లెనిస్.

"అయినా అప్పటికే బ్రోన్విన్ వేలు ఉంది. అన్నీ దానికి తెలుసుగా అని..."

"నాన్న వేలు కనబడింది. నాన్న దగ్గర్లోనే ఉన్నాడుగా అని నేనూ పెట్టా," అన్నాడు కర్టిస్.

"నేను కళ్ళు తెరవకుండానే పెట్టానత్తయ్యా," అంది టాలియా, కాస్త గర్వంగానే.

"నలుగురు చూశాక అయిదోదాన్ని నేను చేసేదేముంది?" అంది మెర్ల్. "మర్యాదకి పెట్టా."

బ్రోన్విన్ కాగితం తీసింది. "ఒక్కటి గమనించండి. హెచ్చరిక అందినవాళ్ళు అయిదుగురు, చూసినవాళ్ళు అయిదుగురు. నూటికి నూరు శాతం. అంటే పద్ధతిలో లోపం లేదు. అయిదో కూర్పులో ఆరో సభ్యుణ్ణి చేరుద్దాం."

"రెండో జెండా కూడా," అన్నాడు రెక్స్.

గ్లెనిస్ బంగాళాదుంపల గిన్నె చెల్లెలి వైపు జరిపి, ఉప్పు అడిగినంత మెల్లగా చెప్పింది. "నిన్న మీ అయిదుగురి పేర్లూ తీసేశాను. అంకె ఇక నా ఫోనులోనే కూస్తుంది. జెల్లీబీన్స్ జేబులో ఉంటాయి. శుక్రవారం వెళ్తున్నాను, ఒక్కదాన్నే. బెల్లు వినబడకపోతే పెంగిల్లీ గారు బయల్దేరతారు."

"ఆయనకి ఎనభై మూడేళ్ళమ్మా!" అంది బ్రోన్విన్. "ఆయనే రాలేకపోతే?"

"బెల్లు కొట్టినప్పుడు ఆయన చెయ్యి ఊపాలి. ఊపకపోతే నేను దిగి తలుపు కొడతాను. అదీ మా ఒప్పందం."

అందరికీ సరిగ్గా వినబడిందో లేదోనని ఆమె అదే మాటను కుటుంబ గ్రూపులో కూడా రాసిపెట్టింది.

నిమిషం తిరక్కుండా అయిదు బొటనవేళ్ళూ లేచాయి.