దీవి తేల్చని పెళ్లికొడుకు

“ఈ ట్రినిడాడ్‌లో నేరస్తులు రెండే రకాలు గార్విన్. నా చేతికి చిక్కినవాళ్లు, చిక్కబోయేవాళ్లు. మధ్యలో ఎవరూ లేరు!”

ఈ ప్రకటన చేసినవాడు ఇగ్నేషియస్ పాంటిన్. చేసినప్పుడు మా ఇంటి వసారాలో, విప్పేసిన టేబుల్ ఫ్యాను ముందు, పెదాల మధ్య స్క్రూ కరుచుకుని కూర్చున్నాడు. మా ఊరు డీగో మార్టిన్‌లో ఫ్యాన్లు బాగుచేయడం అతని బతుకుతెరువు. అపరాధ పరిశోధన మాత్రం పుట్టుకతోనే వచ్చిందంటాడు. అప్పటికి మొదటి రకం నేరస్తులు ఒక్కరూ లేరు. రెండో రకంలో మా వీధి వీధంతా ఉంది.

పోయినేడు పాదిరిగారి కోడి మాయమైతే ఆ కేసు ఇతనే నెత్తిన వేసుకున్నాడు. నిజానికి ఆ కోడి అదే రోజు అతని ఇంట్లోనే ఉడికింది. వాళ్లావిడ తమదే అనుకుని పొరపాటున కోసేసింది. మన డిటెక్టివు రెండుసార్లు వడ్డించుకు తిని, మూతి తుడుచుకుని, మళ్లీ గాలింపుకి బయల్దేరాడు.

అలాంటి మనిషి స్క్రూ తీసి పక్కన పెట్టి, గొంతు తగ్గించి, “మీ అక్క ప్రాణం ప్రమాదంలో ఉంది” అన్నాడు.

మా అక్క మార్వా బడిపంతులమ్మ. బావ పోయి చాలా ఏళ్లయింది. ఆయన సముద్రంలో మునిగి పీతలూ రొయ్యలూ పట్టి తెచ్చేవాడు. ఆయన పోయాక అక్క నవ్వడం మానేసింది. ఈమధ్య రోటీ కొట్టు సీచరన్ పరిచయమయ్యాక మళ్లీ మొదలుపెట్టింది. డెస్మండ్ సీచరన్ బట్టతల, బొద్దు మనిషి. గుమ్మడికాయ కూర పెట్టి రోటీ చుట్టి ఇస్తే వేళ్లు కూడా నాకాలనిపిస్తుంది. పెళ్లి దగ్గర పడింది. అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. హనీమూన్‌కి ఏ దీవికి వెళ్లాలో తేలడం లేదు.

“నిన్న సీచరన్ కొట్లో ఫ్యాను విప్పుతున్నా,” అన్నాడు ఇగ్నేషియస్. “నేనున్నానని చూసుకోకుండా ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మాటకి మాట చెబుతా, విను. ‘ముఖం నీళ్లలో పెట్టి అలాగే నొక్కి పట్టాలా? ఎంతసేపు? ఊపిరి ఆగిపోదూ? మార్వాకి మాత్రం తెలియకూడదు. తేలేదాకా దీవి సంగతి తేల్చను.’ ఏం తేలాలి గార్విన్? నీళ్లలో ముంచాక తేలేది ఏమిటి? శవం!”

“నోరు ముయ్యవయ్యా.”

“ఇంకా ఉంది. రోజూ సాయంత్రం కొట్టు మూసి, సంచీ పట్టుకుని మాయమవుతాడు. తిరిగొచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉంటాయి, కళ్ల చుట్టూ గుండ్రంగా ఒక అచ్చు. అదేమిటనుకున్నావ్? విషవాయువు ముసుగు!”

నేను నవ్వేశాను. కానీ నవ్వు పూర్తిగా రాలేదు. ఎందుకంటే లోపల వంటింట్లో అక్క కలలూ అనే ఆకుకూర పులుసు కోసం ఆకు తరుగుతున్న చప్పుడు ఆకు తరిగే చప్పుడులా లేదు.

లోపలికి వెళ్లాను. బల్ల మీద దీవుల రంగురంగుల బొమ్మలు. వాటి మీదే ఆకు తరుగుతోంది.

“ఏమైందక్కా?”

“ఏమవ్వలేదురా. అదే గొడవ. ఏమీ అవ్వడం లేదు! పగడాల దిబ్బల మీద ఈదుకుంటూ, గొట్టంతో ఊపిరి పీల్చుకుంటూ చేపల్ని చూద్దామన్నది ఎవరు? ఆయనే! ‘నేను చేపలా ఈదుతాను మార్వా’ అని మొదటిరోజే గొప్పలు పోయాడు. సరే, బార్బడోస్ వెళ్దామన్నా. అలలెక్కువట. గ్రెనడా అన్నా. అక్కడ నీళ్లడుగున విగ్రహాలున్నాయట, మనల్నే గుడ్లప్పగించి చూస్తాయట. బొనేర్ అంటే నీళ్లలో జనం ఎక్కువట. కరియాకూ అంటే పడవ చిన్నదట. పోనీ పక్కనున్న టొబాగో అంటే, హనీమూన్‌కి పక్కింటికి వెళ్తామా అంటాడు!” కత్తి కింద పడేసింది. “ఆయన మనసులో ఇంకెవరో ఉన్నారు గార్విన్. ఈ ఆదివారం పాదిరిగారికి చెప్పి పెళ్లి ఆపించేస్తా.”

మళ్లీ కత్తి తీసుకుని ఆకుమీద పడింది. నేను వసారాలోకి వచ్చి, “పద, ఎక్కడికెళ్తాడో చూద్దాం” అన్నాను. నా జీవితంలో ఇగ్నేషియస్ వెంట నా ఇష్టంతో వెళ్లింది అదొక్కసారే.

మర్నాడు సాయంత్రం నేను నడిపే మాక్సీ టాక్సీ వ్యానులో సీచరన్ కారు వెంబడి వెళ్లాం. అది మకెరీప్ సముద్రపు ఒడ్డుకి దారితీసింది. ఇగ్నేషియస్ మారువేషంలో ఉన్నాడు. పువ్వుల చొక్కా, తాటాకు టోపీ, వాళ్లావిడ నల్లకళ్లద్దాలు, మెడలో పనిచేయని కెమెరా.

“ఇప్పుడు నన్ను కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. నేనొక జర్మనీ యాత్రికుణ్ణి” అన్నాడు.

మెట్లు దిగుతుంటే ఎదురొచ్చిన మొదటావిడ, “ఏం ఇగ్నేషియస్, నా ఫ్యాను ఎప్పుడిస్తావు?” అంది.

“యా, యా” అన్నాడు ఇగ్నేషియస్ గంభీరంగా.

“యా కాదు, వేడికి చస్తున్నాం!”

ఆవిణ్ణి వదిలించుకుని కింద రాళ్ల చాటుకి చేరాం. ఒడ్డుకి దగ్గర్లో నడుము లోతు నీళ్లలో ఒక భారీ మనిషి నిలబడి ఉంది. ఆవిడ ఒటిలీ. పిల్లలకి ఈత నేర్పుతుంది, కేక వేస్తే కొండ అవతలికి వినిపిస్తుంది. ఆవిడ చుట్టూ చిన్నపిల్లలు. వాళ్ల మధ్య, కళ్లకి అద్దం, నోట్లో గొట్టం, చంకల కింద పసుపుపచ్చ తేలుడు చెక్కతో మన సీచరన్.

ఒటిలీ అతని తల పట్టుకుని నీళ్లలోకి అదిమింది. కాసేపటికి దగ్గుతూ పైకి లేచాడు.

“చూశావా? హత్యకి రిహార్సలు!” అన్నాడు ఇగ్నేషియస్.

“ఓరి నీ తెలివి తగలెయ్య. ఈత నేర్చుకుంటున్నాడయ్యా!”

“నేరస్తుడు నీకు అలాగే కనిపించాలనుకుంటాడు. నేను మీ అక్కకి కూడా ఫోన్ చేశా. రుజువుతో సహా పట్టిస్తానని చెప్పా. వస్తూ ఉంటుంది.”

“ఏం చేశావ్?”

నేను అతని చొక్కా పట్టుకోబోయాను. అతను ఇంకా బాగా చూడాలని నీళ్లలోకి చొచ్చుకొచ్చిన రాయి మీదికి ఎక్కేశాడు. ఆ రాయికి నిండా పాచి. టోపీ ఒకవైపు, కళ్లద్దాలు ఒకవైపు, జర్మనీ యాత్రికుడు వెల్లకిలా నీళ్లలోకి. నేను చెప్పులు విప్పేలోపే పెద్ద కేక వినిపించింది.

“చచ్చాను! డిటెక్టివు చచ్చాడు!”

తర్వాత జరిగింది ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. సీచరన్ గొట్టం ఉమ్మేశాడు, తేలుడు చెక్క వదిలేశాడు, నీళ్ల మీదికి బోర్లా పడ్డాడు. పిల్లలందరూ, “కాళ్లు! కాళ్లు!” అని అరిచారు. ఒటిలీ, “కాళ్లు ఆడించు సీచరన్, రోటీ పిండి పిసుకుతున్నావా?” అని గద్దించింది. ఆ బొద్దు శరీరం నీళ్లని చితకబాదుతూ, గిలకొడుతూ, ఎలాగో ఒకలా ముందుకి కదిలింది. ఇగ్నేషియస్ చొక్కా దొరకబుచ్చుకుంది.

ఇగ్నేషియస్ అతని మెడకి చుట్టుకుని, “నన్ను ముంచేస్తున్నాడు! సాక్షులు రండి!” అని గోలపెట్టాడు.

“నిలబడవయ్యా,” అంది ఒటిలీ. “అక్కడ నీళ్లు నీ ఛాతీ దాకానే.”

ఇగ్నేషియస్ నిలబడ్డాడు. ఛాతీ దాకానే. పిల్లలు పగలబడి నవ్వారు.

“కానీ నువ్వు సీచరన్,” అంది ఒటిలీ, ఈసారి మెత్తగా, “మధ్యలో ఉన్న మడుగు లోతు నీ తల దాటి ఉంటుంది. దాన్ని ఈదేశావు తెలుసా?”

సీచరన్ వెనక్కి తిరిగి చూశాడు. అప్పుడే మెట్ల మీద నిలబడిన మా అక్కని చూశాడు.

అక్క చెప్పులతోనే నీళ్లలోకి దిగింది.

“చేపలా ఈదుతానన్నావు కదూ?”

“అన్నాను,” అన్నాడు తల వంచుకుని. “మీ ఆయన అంత పెద్ద ఈతగాడు. మొదటిరోజే నాకు ఈత రాదని చెబితే ఏమనుకుంటావోనని... నేర్చుకున్నాక దీవి తేల్చుదామనుకున్నా. నేనేమో తేలడం లేదు.”

“ఆయన ఈతగాడే. పొద్దున నీళ్లలో దిగితే సాయంత్రానికి వచ్చేవాడు. నేను ఒడ్డున గొడుగు కింద ఒక్కదాన్నే కూర్చుని ఎదురుచూసేదాన్ని. నాకు మళ్లీ ఈతగాడు కావాలని నీకెవరు చెప్పారు? అయినా నాకూ ఈత రాదు.”

“ఏంటీ?”

“నీకు సరదా అన్నావని ఒప్పుకున్నా. ఆ గొట్టం తలుచుకుంటేనే భయం. ఏ రాత్రీ సరిగ్గా నిద్రపోలేదు తెలుసా!”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు అక్కే నవ్వింది. అంత గట్టిగా ఆవిడ నవ్వగా విని ఎన్నాళ్లయిందో. నాకు కళ్లు మండాయి. ఉప్పునీళ్లు పడ్డాయని అందరికీ చెప్పాను.

“టొబాగో వెళ్లండి,” అంది ఒటిలీ. “నడి సముద్రంలో నడుము లోతు నీళ్లకిందే ఇసుకతిన్నె ఉంది. పడవవాడు అక్కడే దింపుతాడు. నిలబడి, వంగి, ముఖం నీళ్లలో పెడితే చాలు.”

దీవి అలా తేలింది.

మెట్లెక్కుతుంటే ఇగ్నేషియస్ బట్టలు పిండుకుంటూ, “నేను కావాలనే పడ్డాను. మనిషి నిజస్వరూపం బయటపెట్టడానికి ప్రాణాలకి తెగించాలి. కేసు ముగిసింది” అన్నాడు. మొదటిసారి అతన్ని కొట్టాలనిపించలేదు.

పెళ్లయిన వారంలో టొబాగో నుంచి అక్క ఫోన్ చేసింది. వెనక సీచరన్ గొట్టంలోంచే ఏదో అరుస్తున్నాడు.

“ఒరేయ్, చూశాంరా! పాదాల దగ్గరే నీలం చేపలు, ఒక గుంపు! ఈయన ఆనందం పట్టలేక గొట్టంలోంచే కేక పెట్టాడు. అన్నీ ఒక్కసారిగా పారిపోయాయి!”

ఆ మాట ఇగ్నేషియస్‌కి చెప్పాను. బాగుచేస్తున్న ఫ్యాను ఆపేశాడు. కళ్లు చిన్నవి చేశాడు.

“అన్నీ ఒక్కసారిగానా?” అన్నాడు నెమ్మదిగా. “అయితే ఆ చేపలకి ఏదో తెలుసు.”